తవిటయ్య వీపు మీద ట్రాలీ

పూరీ గేట్ దగ్గర నా టీ కొట్టు ముందు రెండు బల్లలున్నాయి. ఒకటి అందరిదీ, రెండోది తవిటయ్య బాబాయ్‌ది. రాతకోతలేం లేవు గానీ సాయంత్రం నాలుగున్నర తర్వాత దాని మీద ఇంకెవరూ కూర్చోరు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు ఖలాసీ గ్యాంగులో ఉండి రిటైరయ్యాడు. క్రేన్ అందని చోటల్లా బరువులెత్తే గ్యాంగు అది. మొదటి ముంత టీ తాగేదాకా ఆయనంత బుద్ధిమంతుడు ఖరగ్‌పూర్‌లో లేడు. రెండో ముంత చేతిలో పడిందంటే ఇక కోతలే కోతలు.

ఆ రెండో ముంత నేనే అడక్కుండా ఇస్తాను. మా నాన్న ప్రకాశం కూడా అదే గ్యాంగులో చేశాడు. పోయి పదకొండేళ్ళయింది. తవిటయ్య బాబాయ్ కోతల్లో ఎక్కడో ఒకచోట మా నాన్న చొక్కా విప్పి నిలబడతాడు. ఆ కాసేపటి కోసం ఒక ముంత టీ నాకు లెక్క కాదు.

ఆ శనివారం నూకరాజు బాబాయ్ కూడా వచ్చాడు. ఆయనా ఆ గ్యాంగులోవాడే. వచ్చాడు అనడం కంటే, మనవరాలు కిరణ్మయి తీసుకొచ్చింది అనాలి. ఆ పిల్ల ఊళ్ళోనే ఇందా పేటలో ఫిజియోథెరపిస్టు. మూడేళ్ళ కిందట ఇంట్లో గ్యాస్ సిలిండర్ ఒక్కడే ఎత్తబోయి నూకరాజు బాబాయ్ నడుం పట్టేసింది. పట్టేసినది మళ్ళీ వదల్లేదు. ఇప్పుడు ఎడం పాదం కూడా పైకి లేవడం లేదు, నడుస్తుంటే చెప్పు జారి వెనక ఉండిపోతుంది. కిరణ్మయి వెనకాలే వచ్చి చెప్పు తొడిగి, ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టింది.

“నడుం దగ్గర నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య ఉండే గుజ్జు జారిపోయి నరాన్ని నొక్కేస్తోంది సిరిల్ మామా. సోమవారం కలకత్తాలో ఆపరేషన్‌కి రమ్మన్నారు. ఇప్పటికి రెండుసార్లు సరేనని, రెండుసార్లూ రైలెక్కే పూటకి మానేశాడు. ఇవాళ ఆరింటిలోపు ఫోన్ చేసి వస్తామని చెప్పకపోతే మన రోజు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇంకా ఆలస్యమైతే ఆ పాదం ఇక ఎప్పటికీ లేవదు” అంది నాతో.

నూకరాజు బాబాయ్ నేలకేసి చూస్తూ, “ఎన్నుపూస కోసీసినాక మనిషి మల్ల నిలబడతాడేటే? గుంటవి, నీకు తెల్దు” అన్నాడు.

సరిగ్గా అప్పుడే తవిటయ్య బాబాయ్ రెండో ముంత ఖాళీ చేసి పక్కన పెట్టాడు. మూతి తుడుచుకున్నాడు.

“ఎన్నుపూస గురించి ఈ ఊళ్ళో ఎవుల్ని అడగాల? నన్నడగాల” అని మొదలుపెట్టాడు. “అది ఎనభై మూడో సంవత్సరం. వానాకాలం. స్టీమింజన్లు ఇంకా ఉన్నాయి, ఊరంతా బొగ్గుపొగ కంపు, అప్పుడు ముక్కు మూసుకునీవోళ్ళం, ఇప్పుడు తలుసుకుంటే అత్తరులాగుంటాది నాకు, సరే అది వదిలీ. ఆ దినం స్టోర్సు కాణ్నుంచి షాపులోకి ఒక జాకీ మొయ్యాల. ఎంతుంటాది? ఓ డెబ్బై కిలోలు. నానొక్కణ్నే మోసినాను. అదేటి గొప్ప కాదు, గొప్పని నానూ అన్ను.”

“అంతవరకూ నమ్ముతాం బాబాయ్” అన్నాను.

“సిన్నది గనక నమ్ముతావు. ఆ తర్వాత ఏటయ్యిందో తెలుసా? జాకీ దించీసి నాను నడుం నిలబెట్టీలోగా కిరేను సచ్చిపోనాది. ఇంజను సక్రాల జత, ఇరుసుతోటి, రెండు టన్నులు, గాల్లో ఏలాడతంది. కిందన పిట్టర్లు నలుగురు. ఫోర్‌మ్యాను దొర టోపీ తీసీసి, ‘తవిటయ్యా, నీ గ్యాంగే దిక్కు’ అన్నాడు. తొమ్మిది మందిమి ఎల్లినాం. అందరం సొక్కాలిప్పీసినాం. ఓలమ్మా, ఆ వీపులు! ఇప్పుడు కుర్రోళ్ళు జిమ్ములకెల్లి అద్దంలో సూసుకుంటన్నారు, అవేటి వీపులు? ఒరే సిరిలూ, మీ నాన్న వీపు నువ్వెప్పుడైనా సూసినావేటి? వొంగినాడంటే మెడ కాణ్నుంచి రెండు బుజాల దాకా కండ పైకి లేచీది, సంకల కింద నుంచి నడుం కాడికి ఇసనకర్ర ముడిసినట్టు దిగీది. ఎడం రెక్క కింద ఒక పుట్టుమచ్చ, రాగి పైసంత. మోత లేస్తన్నాదో లేదో తెలుసుకోవాలంటే ఇనుముకేసి సూడక్కర్లేదు, పెకాశం మచ్చ సూస్తే సాలు. మచ్చ లేచిందంటే మోత లేచినట్టే.”

మచ్చ మాట నిజం. చిన్నప్పుడు ఆదివారాలు నాన్నకి వీపు రుద్దేవాణ్ణి. ఆ మచ్చ దగ్గర రుద్దితే చక్కిలిగింత అని గెంతేవాడు. అది ఎలా ఉండేదో నేను మర్చిపోతున్నప్పుడల్లా ఈ ముసలాయన గుర్తుచేస్తాడు. ఎన్ని కోతలు కోసినా ఆయన మీద నాకు కోపం రాదు.

“ఇక ఈ నూకరాజుగాడిది మరీ సిత్రం. పూసలకి అటొకటి ఇటొకటి, మెడ కాణ్నుంచి మొల దాకా రెండు కండలుంటాయి సూడు...”

“అవే తాతా వెన్నుని నిలబెట్టేవి” అంది కిరణ్మయి. “వాటికే నేను రోజూ వ్యాయామం చెప్తుంటాను. ఈయన చెయ్యడు.”

“ఆ రెండూ ఈడికి కొబ్బరితాళ్ళలాగ లేచీవి. మజ్జిలో పల్లం. ఆ పల్లంలో సెమట కాలవలాగ దిగీది. అయితే ఒకటి, కుడి కండ ముందు బిగుస్తాది, ఎడమది కూసింత ఆలీసెం. ఎప్పుడూ అంతే. అందుకే నాను ఓ క్షణం ఆగి...”

“ఆగి?” అంది కిరణ్మయి.

“ఆగి ఏటి, ఏటీ లేదు. అడ్డు తగలకే, మోత బుజం మీదున్నాది నాకు” అని కసిరాడు తవిటయ్య బాబాయ్. “ఎత్తినాం. ఎత్తి నాలుగడుగులేసినామో లేదో నేల మీద నూనె. ఒకడు జారినాడు, ఆడి ఎనక ఇంకొకడు, ఇలాగ ఎనమండుగురూ జారిపోనారు. రెండు టన్నులూ నా ఒక్కడి వీపు మీద! కిందన పిట్టర్లు కళ్ళు మూసీసుకున్నారు. నాను పడిపోనానేటి? వీపు సరుదుకున్నాను. సరుదుకుంటే ఏటయ్యిందో తెలుసా? తేలిగ్గా అనిపించినాది. ఓస్ ఇంతేనా అని, పక్కన ఇంజను కూడా ఎత్తీసి దాని మీదే పెట్టుకున్నాను.”

“ఇంజనా!” అన్నాను.

“చిన్నింజనేలే, షంటింగుది. ఊరికే మోసి ఏటి లాభం, మరమ్మత్తు అయిపోయినాది గదా అని యార్డు దాకా తీసికెల్లి పట్టా మీద పెట్టీసినాను. లోపల డ్రైవరు నిద్దరోతన్నాడు. ఆడికి మెలకువే రాలేదు. మరుసటి దినం పొద్దున్న లేచి, ‘దాదా, నాను ఇక్కడికెప్పుడొచ్చినాను?’ అని అడిగినాడు.”

అందరి బల్ల మీద మరమరాలు తింటున్న బెంగాలీ దాదా ఒకాయన, మాట అర్థం కాకపోయినా చేతుల విసురు చూసి నవ్వుతున్నాడు. ఆయన నవ్వు చూసి బాబాయ్‌కి ఇంకా ఊపొచ్చింది. నూకరాజు బాబాయ్ మాత్రం నవ్వడం లేదు. కర్ర మీద గడ్డం ఆనించుకుని వింటున్నాడు. కిరణ్మయి ఫోన్‌లో టైం చూసుకుంది. అయిదుంపావు.

“అంత మోసినాక ఎవుడికైనా అలుపొస్తాది గదా. యార్డులో పట్టాల పక్కన గడ్డిలో బోర్లా పడుకున్నాను, సొక్కా లేదు, నిద్దరట్టీసినాది. వీపు కండలు ఇంకా దిగలేదు, పూసలకి అటొకటి ఇటొకటి బిగుసుకుని అలాగే నిలబడున్నాయి. అప్పుడు ఏటయ్యిందో తెలుసా? లైను సూసుకుంటా ఇన్‌స్పెట్టరు దొర తోపుడు ట్రాలీ మీద వస్తన్నాడు, నలుగురు మనుషులు తోస్తన్నారు. ఆ వానమబ్బులో నా వీపు కండలు రెండూ సూసి, పట్టాలే అనుకున్నారు! మజ్జిలో పూసలు సూసి సిలీపర్లనుకున్నారు! ఎక్కించీసినారు.”

“వీపు మీదకా?” అన్నాను.

“మొల కాడ ఎక్కినాది, మెడ కాడ దిగినాది. గడగడమని ఒక్క కుదుపు లేదు. దొర ఎమ్మటే పుస్తకం తీసి రాసుకున్నాడు, ‘ఈ డివిజన్ మొత్తంలో ఇంత బాగున్న లైను ఇంకోటి లేదు, మెడ కాడ కూసింత కంకర ఎయ్యాల’ అని.”

కిరణ్మయి ఆపుకోలేక పకపకా నవ్వేసింది. “పోయినవారం చెప్పినప్పుడు మెడ దగ్గర పట్టా బిగించాలన్నారు తాతా!”

“అది ఇంకోసారి ఎక్కినప్పుడు. ఆ మొదటిసారి ఏటయ్యిందో ఇను. దొర రాసింది సూసి స్టేషను మాస్టరు లైను కిలీర్ ఇచ్చీసినాడు. బొగ్గు గూడ్సు! నలభై రెండు వాగన్లు! ఎన్నో వాగను కాడ మెలకువొచ్చిందో అడుగు.”

“ఎన్నో వాగన్ దగ్గర?” అంది కిరణ్మయి.

“బ్రేకు వ్యాను కాడ. గార్డు పచ్చజెండా అంచు సెవికి తగిలి సక్కిలిగింతెట్టినాది. లేకపోతే ఇంకా పడుకుందును.”

ఈసారి నేనూ నవ్వాను. గిన్నెలు కడుగుతున్న మా ఆవిడ జెనీ కూడా లోపలినుంచి నవ్వింది. ఆయన ఆగి, అందరి నవ్వూ అయ్యేదాకా చూసి, గొంతు తగ్గించి నూకరాజు బాబాయ్ వైపు తిరిగాడు. అప్పటిదాకా ఊరందరికీ చెప్తున్నవాడు ఇప్పుడు ఒక్కడికే చెప్తున్నట్టున్నాడు.

“అంత జరిగినాక డాట్రు ఊరుకుంటాడేటి? పొటో తియ్యాలన్నాడు. తీసినారు. ఒక్క పిలిం సాల్లేదు. ఆరు పిలిములు తీసి అతికించి గోడ మీద ఏలాడదీసినారు. పూసలు లెక్కెట్టినారు. మామూలు మనిషికెన్ని, సెప్పవే కిరణ్మయీ.”

“ముప్పై మూడు తాతా. మెడకి ఏడు, పక్కటెముకలు తగిలించుకునేవి పన్నెండు, నడుంకి అయిదు. కింద అయిదు అతుక్కుపోయి ఒకటే ఎముకైపోతాయి, తోక దగ్గరవి నాలుగూ అంతే.”

“అది మీకు. నాకు యాభై ఒకటి! రద్దీ ఎక్కువున్నప్పుడు రైలుకి బోగీలు తగిలిస్తారు సూడు, అలాగ. పూసకీ పూసకీ మజ్జిలో మీకు గుజ్జు ఉంటాది, నాకు బఫర్లు. అయితే ఒక బఫరు జారిపోనాది. సరిగ్గా నీకు జారిన సోటే నూకరాజూ, నాలుగుకీ అయిదుకీ మజ్జిన. కొయ్యాలన్నారు. బయపడ్డానేటి? ‘కొయ్యండి’ అన్నాను. మత్తుమందు వద్దన్నాను. బోర్లా పడుకుని ఒక సేత్తో టీ తాగతన్నాను, డాట్రులు ఎనక కోస్తన్నారు. మజ్జిలో ఒక డాట్రుకి సెయ్యి వొణికినాది. నానే, ‘ఏటి కాదు బాబూ, కంగారు పడకు’ అన్నాను. జారిన గుజ్జు తీసి అవతల పడీసినారు. కుట్టీసినారు. మరుసటి దినం పొద్దున్న లేచినాను, మలంచా బజారుకి నడుసుకెల్లినాను, బియ్యం బస్తా కొన్నాను, బుజం మీద ఏసుకుని వొచ్చినాను. కాలు తిన్నగా పడినాది, సెప్పు ఊడలేదు. అదీ ఎన్నుపూస కొయ్యడం అంటే. ఏటీ లేదు. ఒరే, ఏటీ లేదురా నూకరాజూ.”

ఆ చివరి మాట దగ్గర గొంతు కోతల గొంతులా లేదు. ఎవరూ నవ్వలేదు.

“కుట్ల మచ్చ చూపించండి తాతా” అంది కిరణ్మయి మెల్లిగా.

“గూడ్సు ఎల్లినప్పుడు అరిగిపోనాది.”

“గూడ్సు ఆపరేషన్‌కి ముందు కదా వెళ్ళింది?”

తవిటయ్య బాబాయ్ ఖాళీ ముంత తీసి అందులో ఏదో ఉన్నట్టు చూశాడు. అప్పుడు నూకరాజు బాబాయ్ కర్ర మీంచి గడ్డం ఎత్తాడు.

“ఒరే తవిటీ. పెకాశం వీపు మీద మచ్చ నీకెలాగ కనిపించినాది?”

“ఎలాగేటి? కళ్ళతోటి.”

“మోత కిందున్నోడికి పక్కోడి వీపు కనబడదురా. ముప్పై ఏళ్ళు మోసినాను నాను. తల కిందకి ఉంటాది, మెడ తిరగదు. నా పాదాలు తప్ప నాకేటీ కనబడలేదు. పెకాశానికి మచ్చ ఉన్నాదని ఇయ్యాలే ఇంటన్నాను. నా కుడి కండ ముందు బిగుస్తాదా, ఎడమది తరవాతా? నా వీపు సంగతి నాకే తెల్దు. అందరి వీపులూ సూసినోడు గ్యాంగులో ఒక్కడే ఉంటాడు. ఎదర నిలబడి కూత పెట్టీవోడు. తొమ్మిది మందిమి. బుజాలు ఎనిమిది మందివే. నువ్వు జాకీ కాదు కదా, నీ టిఫిను డబ్బా కూడా మా పెకాశమే మోసీవోడు.”

బెంగాలీ దాదా కూడా మరమరాలు నమలడం మానేశాడు. నాకు మాత్రం ఒక్కసారిగా చిన్నప్పటి మాట గుర్తొచ్చింది. ఎనిమిది మంది ఎత్తేటప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనక అయితే ఎవరిదో ఒకరి నడుం విరుగుతుంది. అందుకని ఒకడు వట్టి చేతులతో అందరికీ కనిపించేలా, అందరూ తనకి కనిపించేలా నిలబడి కూత పెడతాడు. కూత పెట్టేవాడు మోత మీద చెయ్యి వెయ్యకూడదు. అది గ్యాంగు కట్టుబాటు. నాన్న ఇంట్లో మంచం జరపాలన్నా, “తవిటయ్య లేడు కదా, నువ్వు కూత పెట్టరా” అనేవాడు నాతో. అన్నీ తెలిసి కూడా ఇన్నేళ్ళు ఈయన మోసినవన్నీ విన్నాను.

తవిటయ్య బాబాయ్ ఖాళీ ముంతని బల్ల మీద బోర్లించాడు. తర్వాత, “అవున్రా. మొయ్యలేదు” అన్నాడు. “కొయ్యలేదు కూడా. సూదంటేనే నాకు కళ్ళు తిరుగుతాయి. ఏటి సెయ్యమంటావు? నువ్వు రెండుసార్లు మానీసినావు. మూడోసారి కూడా మానీస్తే కుర్సీలో కూలబడిపోతావు. ఎనిమిది వీపుల్లో ఆరు ఎల్లిపోనాయి. నువ్వూ కదలకండా కూకుంటే, నీ ముందు నిలబడి ఆ రోజుల్లో మోసినాం అని ఎలాగ సెప్పుకుందును? నువ్వు మానీస్తావేమోనని బయమేసి కోసినాన్రా ఇయ్యాల ఈ కోతలన్నీ.”

నూకరాజు బాబాయ్ కర్రని ఈ చేతినుంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“నువ్వు మోసినావని ఎవుడడిగినాడు?” అన్నాడు. “ముప్పై ఏళ్ళు ఇనుము ఎత్తినాను. నడుం పట్టలేదు, పూస జారలేదు. రిటైరైనాక ఒక్క గ్యాసు బండ, కూత లేకండా ఎత్తినాను. మోకాళ్ళు వొంచలేదు. ఊపిరి పట్టలేదు. బండని ఒంటికి దగ్గరగా లాక్కోలేదు. అవన్నీ నాకు తెలీవనుకున్నావేటి? తెలుసు. కానీ నువ్వు అరిస్తే ఒళ్ళే సేసుకునీది. నానెప్పుడూ సెయ్యలేదు.”

“అవే తాతా మేం కాలేజీలో నేర్చుకున్నవి” అంది కిరణ్మయి. ఆ పిల్ల కళ్ళు తడిగా ఉన్నాయి. “టైం అయిదూ నలభై అయింది.”

“సోమారం నన్ను బల్ల మీదకి ఎక్కిస్తారు” అన్నాడు నూకరాజు బాబాయ్, ఆమెకి కాదు, తవిటయ్య బాబాయ్‌కే చెప్తూ. “కోసినాక మరుసటి దినం లేపి నిలబెడతారంట. అప్పుడు కూత ఎవుడు పెడతాడు? డాట్రులకి రాదు. ఈ గుంట గొంతు సాలదు. నువ్వొస్తే నానొస్తాను.”

“నానా? ఆస్పత్రికా? ఆ కంపుకే పడిపోతాను.”

“పడిపో. లేచినాక కూత పెట్టు.”

తవిటయ్య బాబాయ్ నా వైపు చూశాడు, కిరణ్మయి వైపు చూశాడు. ఎవరైనా కాపాడతారేమో అన్నట్టుంది ఆ చూపు. ఎవరూ కాపాడలేదు. “సరే” అన్నాడు చివరికి. “కిటికీ పక్క సీటు నాకు.”

కిరణ్మయి అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. “హా, నూకరాజు, సోమవారం, పక్కా. ఆస్‌బో” అని బెంగాలీలో, వస్తామని చెప్తోంది అవతలవాళ్ళతో. ఆ తర్వాత ఇంటికి బయల్దేరాలని లేచింది. నూకరాజు బాబాయ్ కర్ర నేలకి ఆనించాడు. తవిటయ్య బాబాయ్ గబుక్కున వెళ్ళి ఆయన చంక కింద చెయ్యి పెట్టబోయాడు.

“సెయ్యి తియ్యి” అన్నాడు నూకరాజు బాబాయ్. “ముప్పై నాలుగేళ్ళలో ఎయ్యలేదు, ఇప్పుడేల? నీకలవాటు లేదు, ఇద్దరం పడతాం. ఎదరకెల్లి నిలబడు.”

తవిటయ్య బాబాయ్ వెళ్ళి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. వట్టి చేతులు రెండూ నడుం మీద పెట్టుకున్నాడు. దగ్గాడు. ఆ తర్వాత ఆ డెబ్బై మూడేళ్ళ గొంతులోంచి వచ్చిన కూత విని రోడ్డు మీద ఆటో ఒకటి ఆగిపోయింది.

“మోకాలొంచూ... ఊపిరట్టూ... దగ్గరకి లాగూ...”

నూకరాజు బాబాయ్ మోకాళ్ళు తమంతట తామే సర్దుకున్నాయి. పాత చొక్కా కింద వీపు బిగిసింది. తవిటయ్య బాబాయ్ ఒక్క క్షణం ఆగాడు. ఎడం కండ కోసం ఆగాడని నాకు అప్పుడు తెలిసింది.

“...హైసా!”

నూకరాజు బాబాయ్ లేచి నిలబడ్డాడు. ఎవరూ పట్టుకోలేదు. కిరణ్మయి చెప్పు తొడిగింది, ఇద్దరూ మెల్లగా గేటు వైపు కదిలారు. వాళ్ళు ఆటో ఎక్కేదాకా తవిటయ్య బాబాయ్ అక్కడే నిలబడి చూశాడు. తర్వాత తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, తన బల్ల మీదకి వచ్చి కూర్చుని, మూడో ముంత కోసం చెయ్యి చాచాడు.

“సూసినావేటి సిరిలూ? ఎనభై కిలోల మనిషి. ఒక్క వేలైనా ఎయ్యకండా లేపీసినాను.”

ఆ ఒక్క కోతని మాత్రం నేను కళ్ళారా చూశాను.